పన్నెండు సెంట్లకు ఏ రోటవేటర్?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రిక వ్యవసాయం పేజీలో ఒక పాఠకుడు "పది సెంట్ల పెరట్లో కూరగాయలు పెట్టాలి, ఏ రోటవేటర్ కొనాలి?" అని అడిగారు. రోటవేటర్ అంటే తిరిగే బ్లేడ్లతో నేల దున్నే మిషన్. జవాబుగా ఏడు మిషన్ల పేర్లు, వాటి హెచ్‌పీలు, ధరలు వేశారు. ఆయన నేల ఎలాంటిదో, పెరట్లోకి దారి ఎంత వెడల్పుందో, మిషన్ పట్టుకునేది ఎవరో మీరు అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ప్రశ్నలో సగం వివరాలు లేకుండానే జవాబు రాసేసిన పిల్లలకు మార్కులు వేసిన పాపాన పోలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. ఆనందపురం అవతల ఒక లేఅవుట్లో అక్కా నేనూ పక్కపక్కనే 300 గజాల చొప్పున స్థలం కొనుక్కున్నాం. ఇల్లు కట్టేది ఎప్పటికో. ఈలోగా రెండూ కలిపి కంచె వేసి కూరగాయలు పెట్టుకుందామని నేను రిటైరైన ఏడాదే మొదలుపెట్టాం. పొడవు 90 అడుగులు, వెడల్పు 60. అంటే 5400 చదరపు అడుగులు, పన్నెండు సెంట్ల పైచిలుకు. ఎర్ర నేల. తడిస్తే జారుతుంది, ఎండితే ఇటుకే. దానికి తోడు లేఅవుట్ వాళ్లు రోడ్డుకు పోసిన గ్రావెల్ సగం మా స్థలంలోకే దొర్లింది.

మొదటి ఏడాది ట్రాక్టర్ని పిలిచాం. వెనక ఐదడుగుల రోటవేటర్. దాన్ని తిప్పడానికి నలభై హెచ్‌పీ దాకా ఉన్న ట్రాక్టర్ కావాలి, అంత బండి మా కంచెలో తిరగడానికే చోటు చాల్లేదు. మధ్యలో బాగానే దున్నాడు. నాలుగు పక్కలా ఆరేసి అడుగులు మాత్రం చక్రాల కింద నలిగి మునుపటి కంటే గట్టిపడింది. బండి వెనక్కి తీస్తూ హద్దు రాయి ఒకటి పడగొట్టాడు. దాన్ని తిరిగి పాతిన చోట నాలుగంగుళాల తేడా వచ్చిందని పక్క ప్లాటు ఆయన అప్పటి నుంచీ మాతో మాట్లాడటం లేదు. పని ఇరవై నిమిషాలు, తీసుకున్నది గంట కిరాయి. అందులో అతన్ని అనడానికేం లేదు, అంత దూరం బండి తోలుకొచ్చి ఇరవై నిమిషాల డబ్బులకు ఎవరు వెళ్తారు?

మరుసటి ఏడాది మనకే ఒక మిషన్ ఉంటే పోలా అనుకున్నాం. అక్కా, బావగారూ, నేనూ కలిసి నగరంలో ఒక షాపుకు వెళ్లాం. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ షాపతను బావగారి వైపు చూసి జవాబు చెప్పాడు. బావగారు పుట్టి బుద్ధెరిగాక పార పట్టిన మనిషి కాదు. "హెచ్‌పీ ఎంత ఎక్కువుంటే అంత మంచిది సార్" అన్నాడతను. ఎర్ర రంగు మిషన్ మీద పెద్ద అక్షరాలతో ఏడు హెచ్‌పీ అని స్టిక్కర్. కొనేశాం. ఇంటికి తెచ్చాక కళ్లజోడు పెట్టుకుని ఇంజిన్ మీద పలక చదివితే 163 సీసీ. ఆ సైజు ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది ఐదు, మహా అయితే ఐదున్నర హెచ్‌పీ. ఏడు కావాలంటే 200 సీసీ దాటాలి. కాబట్టి షాపులో స్టిక్కర్ వదిలేసి పలక చదవండి. మాకు మాత్రం తక్కువైంది హెచ్‌పీ కాదని తరువాత తెలిసింది.

జూన్ రెండో వారం. వాన పడి పది రోజులైంది. మిషన్ స్టార్ట్ చేసి, క్లచ్ లివర్ నొక్కాను. బ్లేడ్లు నేలలోకి దిగితే కదా! ఆ ఇటుక మీద టకటకా కొట్టుకుంటూ, మిషన్ మొత్తం ఎగిరెగిరి ముందుకు పరిగెత్తింది. హ్యాండిల్ వదలాలని తోచక దాని వెనకే నేనూ. ఇరవై అడుగులు లాక్కుపోయి కంచెకు గుద్దుకుంది. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద కోడి గీకినట్టు గీతలు. చేతులు మోచేతుల దాకా తిమ్మిరెక్కాయి, సాయంత్రం దాకా టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. రోడ్డు మీద ఆవులు తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు ఆగి చూస్తున్నారు. "ఏటి మేష్టరమ్మా, ఇది దున్నుతున్నాదా, గెంతుతున్నాదా?" అన్నారు. ఆ ఊళ్లో అందరికీ నేను మేష్టరమ్మనే.

ఆయన లోపలికొచ్చి వంగి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కారు. చెయ్యి తెరిస్తే ఇసకలా జారిపోయింది. "పదును లేదమ్మా. నీరెట్టండి. రెండ్రోజులు ఆగి అప్పుడు రండి." పదునంటే దున్నడానికి సరిపడే తడి. నొక్కితే ముద్ద కట్టాలి, నడుమెత్తు నుంచి వదిలితే పగలాలి. పగలకుండా ముద్ద ముద్దగానే ఉంటే తడి ఇంకా ఎక్కువుందని, ఆ తడిలో దున్నితే లేచిన పెళ్లలు ఎండాక సుత్తితో కొట్టినా పగలవని చెప్పారు. ఇంత చెప్పి, మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి వెనకాల ఊచ ఉండాలే, ఏదీ?" అన్నారు.

ఆ ఊచ ఇంట్లో ఉంది. నిలబెట్టడానికి స్టాండేమో అనుకుని నేనే విప్పేశాను!

సంపాదకులు గారూ, ఈ ఊచ గురించి రెండు మాటలు రాయనివ్వండి. ఇంజిన్ కిందే బ్లేడ్లు ఉండే తేలిక మిషన్లకు నేల మీద నడిపే చక్రాలు ఉండవు. తిరిగే బ్లేడ్లే దాన్ని ముందుకు లాగుతాయి. వెనకున్న ఊచ నేలలో గుచ్చుకుని మిషన్ని పట్టి ఉంచుతుంది. ముందుకు పోనివ్వకపోతే బ్లేడ్లు కిందికి దిగుతాయి. హ్యాండిల్ కిందికి నొక్కితే ఊచ లోతుకు పోతుంది, మిషన్ నెమ్మదించి తవ్వుతుంది. కాస్త పైకెత్తితే ముందుకు కదులుతుంది. నొక్కడం, ఎత్తడం, మళ్లీ నొక్కడం. రోటవేటర్ నడపడం అంటే ఇంతే, కానీ ఇది షాపులో ఎవరూ చూపించరు. నున్నటి టైల్స్ మీద స్టార్ట్ చేసి, బ్లేడ్లు గాల్లో తిప్పి చూపించి, బిల్లు రాస్తారు.

రెండు రోజుల తరువాత అదే మిషన్, అదే నేల, ఊచ బిగించి తోలితే నాలుగంగుళాలు దిగింది. అదే సాలులో రెండోసారి తోలితే ఆరు.

ఇంకో రకం ఉంది. బ్లేడ్లు వెనక, ముందు రెండు చక్రాలు, ఇంజిన్ ఆ చక్రాలనూ తిప్పుతుంది. చక్రాలు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి మనల్ని లాక్కుపోదు. బరువు కూడా ఎక్కువ, చాలావాటికి 80 కిలోల పైనే. గట్టి నేల విరగ్గొట్టడానికి ఈ బరువే పనికొస్తుంది. మా మిషన్ 35 కిలోలు, అందుకే గెంతింది. అయితే 80 కిలోల దాన్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి ఇద్దరు మగాళ్లు కావాలి, దించడానికి మళ్లీ ఇద్దరు. మడి చివర తిప్పుకోవడానికి కూడా చోటు కావాలి. అరవై దాటిన ఇద్దరు అక్కచెల్లెళ్లం మేం. దానికి దణ్ణం పెట్టి వచ్చేశాం.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. అందరూ మొదటి రోజు కష్టం చూసి మిషన్ కొంటారు. ఏళ్ల తరబడి బీడు పడ్డ నేల, అది విరగాలంటే బలం కావాలి, బరువు కావాలి, నిజమే. కానీ ఆ పని ఒక్కసారే. తరువాత ఏటా చేసేది దున్నిన నేలనే మళ్లీ గుల్ల చేయడం, పెంట కలపడం, సాళ్ల మధ్య కలుపు తీయడం. దానికి 35 కిలోల మిషన్ చాలు, ఒక్కోసారి పారే చాలు. బీడు విరవడానికి బరువైన దాన్ని మనిషితో సహా ఒక పూట కిరాయికి పిలవండి. తరువాతి పదేళ్ల పనికి ఏది చాలుతుందో అదే కొనుక్కోండి. మేం దీనికి తలకిందులుగా చేశాం. తేలిక దానితో బీడు విరవబోయి నా భుజం నెల రోజులు ఫిజియోథెరపీకి తిరిగింది.

ఇసుక నేలల సంగతి వేరు. నాతో పనిచేసిన తెలుగు టీచరుగారికి భీమిలి దగ్గర తోట ఉంది. ఆవిడ దగ్గర 52 సీసీ టూ స్ట్రోక్ బుల్లి వీడర్ (కలుపు తీసే మిషన్) ఉంది, ఒంటి చేత్తో ఎత్తేస్తారు. ఆ ఇసకలో అది చపాతీ పిండి కలిపినంత సులువుగా తిరుగుతుంది. దాన్ని మా నేలలోకి తెచ్చి చూశాం, పది నిమిషాలకే పొగలు కక్కింది. అదే మిషన్, భీమిలిలో బంగారం, ఆనందపురంలో దండగ. మీరు వేసిన ఏడింటి పట్టికలో నేల అనే గడి ఒక్కటి ఉన్నా బాగుండేది.

వెడల్పు లెక్క చెబుతాను, నా పాత వృత్తి కదా. అడుగు వెడల్పు మిషన్‌తో మా స్థలం దున్నాలంటే 90 అడుగుల సాళ్లు 60 వేయాలి. అంటే 5400 అడుగుల నడక, కిలోమీటరున్నర దాటింది. అడుగున్నర వెడల్పయితే 40 సాళ్లు, 1100 మీటర్లు. మూడడుగులైతే 20 సాళ్లు, 550 మీటర్లు. ఇది చూసి మూడడుగులది కొనేయకండి. వెడల్పు పెరిగిన కొద్దీ ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, గట్టి నేలలో ఆగిపోతుంది, లేకపోతే పైపైన గీకి వదిలేస్తుంది. చాలా మిషన్లకు చివర బ్లేడ్లు పిన్ను తీసి విప్పేసుకోవచ్చు. మొదటిసారి తోలేటప్పుడు చివరివి విప్పి ఇరుకుగా లోతుగా, రెండోసారి బిగించి వెడల్పుగా. అలా విప్పడానికి వీలుందా లేదా అన్నది షాపులో తప్పకుండా అడగండి. వంగ, బెండ సాళ్ల మధ్య తోలాలన్నా ఇరుకుదే కావాలి.

బ్లేడ్ల మాటొచ్చింది కాబట్టి చిన్న కథ. ఈ యంత్రానికి మూలపురుషుడు ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రవాడు. 1912లో వాళ్ల నాన్న పొలంలో ఆవిరి ట్రాక్టర్ ఇంజిన్‌తో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మొదట్లో బ్లేడ్లు మట్టిని పక్కకు విసిరేసేవి. ఇంగ్లిషు ఎల్ అక్షరంలా వంచిన బ్లేడు పెట్టాక దారికొచ్చింది. 1920లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మన షాపుల్లో అమ్ముతున్న మిషన్లలో ఎక్కువ వాటికి ఆ వంకర బ్లేడే. రోటవేటర్ అన్న ఇంగ్లిషు మాటను వెనక నుంచి చదివినా అలాగే వస్తుంది, మన వికటకవి లాగా. క్లాసులో చెబితే పిల్లలకు ఆ రోజంతా అదే పని.

తుంగ అనే కలుపు దగ్గర మాత్రం ఏ బ్లేడూ పనికిరాదు. మొదటిసారి తోలాక మా స్థలం కుంకుమ ఆరబోసినట్టు ఉంది. ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాను. మూడు వారాలు తిరిగేసరికి పచ్చగా మొలిచింది. మేం వేసిన తోటకూర అనుకుని అక్క మురిసిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే తుంగ! అంతకుముందు ఒక మూల రెండు సెంట్లలో ఉండేది, రోటవేటర్ దాన్ని పన్నెండు సెంట్లకూ పంచిపెట్టింది. తుంగ గడ్డలు నేలలో గొలుసులా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కలిసి ఉన్నప్పుడు వాటిలో చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయట. బ్లేడు ఆ గొలుసు తెంపితే విడిపోయిన గడ్డ దేనికది మొలకెత్తుతుంది. గరిక అయితే ప్రతి కణుపూ ఒక మొక్కే. కాబట్టి తుంగ, గరిక ఉన్న చోట ముందు గునపంతో, పారతో గడ్డలతో సహా తవ్వి ఏరాలి. మే నెల ఎండలో ఆ గడ్డలు ఆరేస్తే చచ్చిపోతాయి. అప్పుడే మిషన్. మేం రెండు వేసవులు ఏరాం, ఇంకా మిగిలింది. ఈ పనికి మిషన్ కొనుక్కునే బదులు ఇద్దరు కూలీలకు నాలుగు రోజుల డబ్బులిస్తే సరిపోయేది.

జనుముతో కూడా ఇలాగే తిన్నాం దెబ్బ. పచ్చిరొట్టగా, అంటే నేలలో కలిపే పచ్చి ఎరువుగా, జనుము వేసి, పూత మీద కలియదున్నమని అందరూ చెబుతారు. మంచి మాటే. కానీ జనుము అంటే నార కదా! నిలువెత్తు పెరిగిన దాంట్లోకి మిషన్ తోలితే పది అడుగులకే ఆ నారంతా ఇరుసుకు చుట్టుకుని బ్లేడ్లు కనబడకుండా పోయాయి. ప్లగ్ క్యాప్ (స్పార్క్ ప్లగ్ మీది తొడుగు, అది తీస్తే ఇంజిన్ స్టార్ట్ కాదు) పీకేసి, కూరగాయల కత్తితో కోస్తూ గంటన్నర కూర్చున్నాను. ఇప్పుడు ముందే కొడవలితో ముక్కలుగా కోసి, రెండు రోజులు వాడనిచ్చి అప్పుడు తోలుతున్నాం. ప్లగ్ క్యాప్ పీకడం మాత్రం మరవకండి. రాయి ఇరుక్కున్నా సరే, క్యాప్ పీకనిదే బ్లేడ్ల దగ్గర చెయ్యి పెట్టకూడదు.

భద్రత గురించి ఇంకొక్కటి. హ్యాండిల్ మీద లివర్ వదిలేస్తే బ్లేడ్లు ఆగిపోవాలి. కొనేటప్పుడు అది పరీక్షించండి. చాలామంది వేళ్లు నొప్పెడుతున్నాయని ఆ లివర్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తారు. మాకు డెలివరీ ఇచ్చిన కుర్రాడే అలా కట్టి చూపించాడు. మొదటి రోజు నేను కంచెకు గుద్దుకున్నప్పుడు లివర్ వదలబట్టే బ్లేడ్లు ఆగాయి. చీరతోనో, చున్నీతోనో, చెప్పులతోనో తోలకండి. రివర్స్ గేరు ఉన్న మిషన్ అయితే, వెనక్కి వచ్చేటప్పుడు బ్లేడ్లు తిరుగుతాయో ఆగుతాయో చూసుకోండి. తిరిగే పక్షంలో అవి వచ్చేది మన కాళ్ల మీదికే.

నూనెల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫోర్ స్ట్రోక్ మిషన్లు చాలావరకు ఇంజిన్ ఆయిల్ పోయకుండానే డబ్బాలో వస్తాయి. చూసుకోకుండా స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపాలి. మిషన్‌తో వచ్చే పుస్తకంలో 40కి 1 అని ఉంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు. పని అయిపోయాక ట్యాంకులో పెట్రోల్ ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి వదిలేస్తే కార్బురేటర్ జిగురు పడుతుంది. మన వైజాగ్ గాలి సంగతి చెప్పేదేముంది? ఎంవీపీలో మా సెల్లార్లో పెట్టిన మిషన్‌కు ఒక్క వానాకాలంలో బోల్టులన్నీ తుప్పు పట్టాయి, పెట్రోల్ వాసనని అపార్టుమెంటు వాళ్ల గొడవ అదనం. ఇప్పుడు స్థలంలోనే రేకుల గూడు కట్టి, బ్లేడ్లు కడిగి ఆరబెట్టి పాత ఇంజిన్ ఆయిల్ పూసి పెడుతున్నాం.

మీ జవాబులో సబ్సిడీ ఉంటుందని ఒక వాక్యం రాశారు. కేంద్రం యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళా రైతులకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు రాయితీ ఉన్నమాట నిజమే. అడిగేది పట్టాదారు పాసుపుస్తకం. ఇళ్ల ప్లాటుకు అది ఎక్కడి నుంచి వస్తుంది? నేను దీని కోసం రెండు పూటలు తిరిగి వచ్చాను, ఆ పాఠకుణ్ణి తిప్పకండి. రైతుకు అందాల్సింది మాకు ఇమ్మని నేను అడగను కూడా. జీఎస్టీ మాత్రం అందరికీ వర్తిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దుక్కి యంత్రాల మీద 12 శాతం నుంచి 5కు తగ్గింది. బిల్లులో ఎంత వేశారో చదువుకోండి.

అధికారులకు మీ ద్వారా ఒక విన్నపం. రైతులకు యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాల్లో ట్రాక్టర్ల పక్కన ముందు చక్రాలున్న ఆ బరువైన మిషన్ ఒకటి, దాన్ని నడిపే మనిషి ఉంటే ఐదారు సెంట్ల పెరళ్లవాళ్లు కూడా డబ్బు కట్టి గంట లెక్కన పిలుచుకుంటారు. ఏడాదిలో రెండు పూటల పని కోసం ప్రతి ఇంటా ఒక మిషన్ తుప్పు పట్టనక్కర్లేదు.

మా మిషన్ పోయిన ఏడాది మొత్తం మీద తొమ్మిది గంటలు నడిచింది, నోటుబుక్కులో రాసి పెట్టాను. అందుకే ఈ తొలకరికి లేఅవుట్లో కావాలన్న వాళ్లకు పెట్రోల్ వాళ్లు పోసుకునేట్టు ఇస్తున్నాం. నోటుబుక్కు గూట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది, ఎవరికి ఏ రోజు కావాలో వాళ్లే రాసుకుంటారు. ఇప్పటికి నాలుగు పేర్లు పడ్డాయి. నాలుగోది పక్క ప్లాటు ఆయనది, శనివారం ఉదయం అని రాశారు. మాట మాత్రం ఇంకా లేదు. ఊచ విప్పవద్దని ఆయన పేరు కింద నేనే ఎర్ర సిరాతో రాసి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం